వాళ్ల ఇన్సూరెన్సా, మన ఇన్సూరెన్సా? టెక్సాస్‌లో కారుకు దెబ్బ తగిలితే ఏ దారి మంచిది

మూడేళ్ల కిందట నవంబరులో ఒక సాయంత్రం డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో రెడ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. వెనక నుంచి ఒక పికప్ ట్రక్కు వచ్చి నా క్యామ్రీని గుద్దింది. దిగి చూస్తే బంపర్‌కి సొట్ట, ట్రంక్ మూత కాస్త పక్కకి జరిగింది. ట్రక్కాయన మంచివాడే. తప్పు తనదేనని ఒప్పుకుని ఇన్సూరెన్స్ కార్డు ఫొటో తీసుకోనిచ్చాడు. మర్నాడు ఆయన కంపెనీవాళ్లు ఫోన్ చేసి యాప్‌లో ఆరు ఫొటోలు పంపమన్నారు. పంపిన మరుసటి రోజే 2,140 డాలర్లు ఇస్తామని మెసేజ్ వచ్చింది. ఒక్క బటన్ నొక్కితే రెండు రోజుల్లో డబ్బు ఖాతాలో పడుతుంది.

ఆ బటన్ నొక్కకుండా ముందు బాడీ షాప్‌కి వెళ్లాను. బంపర్ విప్పితే లోపలి ఇనుప బార్ వంగిపోయి ఉంది. ట్రంక్ అడుగు రేకు ముడతపడింది. బ్లైండ్ స్పాట్ సెన్సర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్ విరిగింది. చివరికి రిపేర్ బిల్లు 5,680 డాలర్లు తేలింది. పదిహేడు రోజుల అద్దె కారు ఖర్చు, కారు విలువ పడిపోయినందుకు 1,300 డాలర్లు అదనం. అంతా ట్రక్కాయన కంపెనీయే ఇచ్చింది కానీ ఏడు వారాలు పట్టింది. నా కంపెనీకే చెప్పి ఉంటే ఈ టెన్షన్ ఉండేదా అని ఆ ఏడు వారాల్లో చాలాసార్లు అనుకున్నాను.

అప్పటి నుంచి డల్లాస్ చుట్టుపక్కల తెలిసినవాళ్లు, ఎమ్మెస్ చదవడానికి వచ్చిన పిల్లలు యాక్సిడెంట్ అయితే నాకు ఫోన్ చేస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అంకుల్, వాళ్ల ఇన్సూరెన్స్‌కి వెళ్లాలా, మన ఇన్సూరెన్స్‌కి వెళ్లాలా?" నేను ముందు మూడు విషయాలు అడుగుతాను. తప్పు ఎవరిదో అనుమానం లేకుండా తెలుస్తోందా? మీ పాలసీలో కొలిజన్ కవరేజ్ (తప్పు ఎవరిదైనా మీ కారు రిపేర్‌కి మీ కంపెనీయే ఇచ్చేది) ఉందా? కారు లేకుండా మీరు ఎన్ని రోజులు గడపగలరు? ఈ మూడింటి జవాబులను బట్టే దారి మారుతుంది.

ఎదుటి కంపెనీ మన కంపెనీ కాదు

ఫోన్‌లో మాట్లాడే అడ్జస్టర్ (నష్టం లెక్కకట్టే కంపెనీ ఉద్యోగి) ఎంత మర్యాదగా మాట్లాడినా ఆ కంపెనీకి ఒప్పందం ఉన్నది మిమ్మల్ని గుద్దిన డ్రైవర్‌తో. మీ కారు నష్టానికి బాధ్యత చట్టప్రకారం ఆ డ్రైవర్‌ది. కంపెనీ అతని తరఫున కడుతుంది, అంతే. అందుకే టెక్సాస్‌లో, సెటిల్ కాకపోతే మీరు ఆ కంపెనీ మీద నేరుగా కేసు వేయలేరు, డ్రైవర్ మీదే వేయాలి.

గడువుల్లో కూడా తేడా ఉంది. మన సొంత కంపెనీకి క్లెయిమ్ పెడితే, అందిందని 15 రోజుల్లో చెప్పాలి. అడిగిన కాగితాలన్నీ ఇచ్చాక 15 పని దినాల్లో అవునో కాదో తేల్చాలి. ఇస్తామన్నాక 5 పని దినాల్లో డబ్బు కట్టాలి. ఇవి టెక్సాస్ చట్టంలో ఉన్న గడువులు. ఎదుటి కంపెనీకి మీ విషయంలో ఈ గడువులు వర్తించవు. "మా కస్టమర్ ఇంకా ఫోన్ ఎత్తలేదండీ" అంటూ రెండు వారాలు గడిపేయగలరు. నా విషయంలో తప్పు ఒప్పుకోవడానికే పదకొండు రోజులు తీసుకున్నారు.

మరి అలాంటప్పుడు వాళ్ల దగ్గరికి ఎందుకు వెళ్లాలి? డిడక్టిబుల్ (రిపేర్ ఖర్చులో మన జేబులోంచి పెట్టుకునే వాటా) ఉండదు. అద్దె కారు ఇస్తారు. కారు విలువ తగ్గుదల అడగొచ్చు. ఈ మూడూ కలిపితే రెండు వేల డాలర్ల తేడా సులభంగా వస్తుంది.

తప్పు పూర్తిగా వాళ్లదే అయితే

ఆగి ఉన్న కారును వెనక నుంచి గుద్దడం, రెడ్ సిగ్నల్ దాటి వచ్చి గుద్దడం, పార్క్ చేసిన కారును గుద్దడం. ఇలాంటివైతే, ఇంట్లో రెండో కారు ఉంటే, ఎదుటి కంపెనీ దారే మంచిదని నా అభిప్రాయం. అయితే బేరం ఆడటానికి సిద్ధపడి వెళ్లాలి.

యాప్ ఫొటోలు చూసి వేసిన ఎస్టిమేట్ అసలు ఎస్టిమేట్ కాదు. ఇప్పటి కార్లలో బంపర్ ప్లాస్టిక్. గుద్దిన తర్వాత చాలావరకు తన ఆకారానికి తాను వచ్చేస్తుంది, దెబ్బంతా దాని వెనక దాక్కుంటుంది. మీకు నచ్చిన బాడీ షాప్‌కి తీసుకెళ్లి విప్పించి చూపించండి. ఫలానా షాప్‌కే వెళ్లాలని కంపెనీ మిమ్మల్ని బలవంతపెట్టకూడదు, షాప్ ఎంచుకునే హక్కు టెక్సాస్ చట్టం మీకే ఇచ్చింది. వాళ్ల నెట్‌వర్క్ షాప్‌లో పని త్వరగా మొదలవుతుందన్నది నిజమే. కానీ ఆ షాప్‌కి నెలనెలా పని పంపేది ఆ కంపెనీయే. అందుకని నేను బయటి షాప్‌నే ఎంచుకున్నాను.

విప్పాక బయటపడిన నష్టానికి షాప్‌వాళ్లు సప్లిమెంట్ (అదనపు ఎస్టిమేట్) పంపుతారు. ఇది రోజూ జరిగేదే, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. చేయకూడని పని ఒకటుంది. అడ్జస్టర్ వచ్చి చూడకముందే, లేదా సప్లిమెంట్‌కి ఒప్పుకున్నామని రాసి ఇవ్వకముందే రిపేర్ పూర్తి చేయించుకోవద్దు. పాత పార్ట్ చెత్తలోకి పోయాక "అది నిజంగా వంగిందా?" అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. విప్పినప్పుడే ఫొటోలు తీయించి పెట్టుకోండి.

ఎస్టిమేట్ కాగితం వస్తే చాలామంది కింద ఉన్న మొత్తం చూసి మడిచి పెట్టేస్తారు. అందులో ఒక్కో వరుస చదవాలి. పార్ట్ పక్కన అది కారు కంపెనీదా, వేరే తయారీదా, పాత బండి నుంచి తీసిందా అని రాసి ఉంటుంది. తలుపుకో ఫెండర్‌కో పాత బండి పార్ట్ అయితే నేను పెద్దగా పట్టించుకోను. బంపర్ లోపలి బార్, సెన్సర్ బ్రాకెట్, హెడ్‌లైట్ లాంటివి మాత్రం కారు కంపెనీవే కావాలని పట్టుబడతాను. రెండేళ్ల కారుకు ఆ వాదన నిలుస్తుంది, పన్నెండేళ్ల కారుకు కష్టం. రిపేర్‌కు ముందు, తర్వాత కంప్యూటర్ స్కాన్, సెన్సర్ల కాలిబ్రేషన్ (అవి సరిగ్గా పనిచేసేలా మళ్లీ సరిచూడటం) ఉన్నాయో లేదో కూడా చూడండి. మొదటి ఎస్టిమేట్‌లో నాకు ఈ రెండూ వేయలేదు. తయారీదారు రిపేర్ పద్ధతిలో కాలిబ్రేషన్ తప్పనిసరి అని రాసి ఉన్న పేజీని షాప్‌వాళ్లు జతచేసి పంపితే మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. అడ్జస్టర్‌తో గొంతు పెంచితే ఏమీ రాదు. కాగితం చూపిస్తే వస్తుంది, ఎందుకంటే అతను కూడా తన పైవాళ్లకు ఫైల్‌లో ఏదో ఒకటి చూపించాలి.

అద్దె కారు దగ్గర నాకు ఇంకో గొడవ. లేబర్ గంటలు లెక్కేసి ఎనిమిది రోజులే ఇస్తామన్నారు. పార్ట్ రావడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఏ రోజు ఆర్డర్ పెట్టారో, ఏ రోజు వచ్చిందో షాప్ లెటర్‌హెడ్ మీద రాయించి పంపాను. రోజుకు 38 డాలర్ల చొప్పున పదిహేడు రోజులకూ ఇచ్చారు. స్నేహితుడి కారులో వెళ్తూ అసలు అద్దెకే తీసుకోలేదనుకోండి, అప్పుడు కూడా ఆ రోజులకు న్యాయమైన అద్దె విలువ అడగొచ్చు. దీన్ని లాస్ ఆఫ్ యూజ్ అంటారు. ఎవరైనా అడిగేదాకా అడ్జస్టర్లు ఈ మాట ఎత్తరు.

కారు విలువ తగ్గుదల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మనవాళ్లు ఎక్కువగా వదులుకునే డబ్బు ఇదే. కారు ఎంత బాగా రిపేర్ చేసినా యాక్సిడెంట్ రికార్డు ఎక్కాక అమ్మబోతే తక్కువ ధర పలుకుతుంది. ఆ తేడాను డిమినిష్డ్ వాల్యూ అంటారు. టెక్సాస్‌లో సొంత కంపెనీ దీన్ని కట్టక్కర్లేదని 2003లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. తప్పు చేసిన డ్రైవర్ కంపెనీని మాత్రం అడగొచ్చు. చాలా కంపెనీలు 17సీ అనే లెక్క వాడతాయి. అది జార్జియాలో 2001 నాటి ఒక కోర్టు కేసు నుంచి వచ్చింది. కారు విలువలో పదో వంతు తీసుకుని దాన్ని దెబ్బ తీవ్రతతో, తర్వాత మైళ్లతో గుణిస్తారు. నా కారు విలువ అప్పటికి 24,000. పదో వంతు 2,400. దెబ్బ చిన్నదని 0.25, 38,000 మైళ్లకు 0.8 వేసి 480 డాలర్లు అన్నారు. ట్రంక్ అడుగు రేకు సరిచేసిన వరుసను బిల్లులో చూపిస్తే 0.5కి మార్చారు, 960 అయింది. ఈ లెక్క టెక్సాస్ చట్టం కాదు. అందుకే ఇద్దరు డీలర్ల దగ్గర, యాక్సిడెంట్ రికార్డు లేకపోతే ఎంత ఇచ్చేవారో, ఇప్పుడు ఎంత ఇస్తారో రాయించి తెచ్చాను. 1,800 అడిగాను, 1,300కి కుదిరింది. లక్ష మైళ్లు దాటిన కారుకు 17సీ లెక్క సున్నా చూపిస్తుంది. అలాంటి కారైతే దీని మీద నెలలు ఖర్చు చేయడం నాకు సబబుగా తోచదు.

ఇంకో మాట. ఎదుటి కంపెనీవాళ్లు మీ మాటలు రికార్డు చేస్తామని అడుగుతారు. ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు. ఏ తేదీ, ఏ చోటు, ఎలా జరిగింది అని ఈమెయిల్‌లో రాసి ఇస్తాననండి. కొత్తగా వచ్చిన పిల్లలు మర్యాదకు "సారీ" అనేస్తారు, "ఎలా ఉన్నారు" అంటే అలవాటుగా "ఐ యామ్ ఫైన్" అంటారు. మెడ నొప్పి మర్నాడు మొదలవుతుంది. అప్పటికి ఆ మాట రికార్డులో ఉంటుంది.

మన కొలిజన్ కవరేజ్ వాడుకోవడం

తప్పు విషయంలో ఏ కాస్త వివాదం ఉన్నా నేను ఈ దారే చెబుతాను. ఐ-635 హైవే మీద లేన్ మారుతూ తగిలింది, పార్కింగ్ లాట్‌లో రెండు కార్లూ రివర్స్ వస్తున్నాయి, నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న చోట ఎవరు ముందు కదిలారో చెప్పలేం. ఇలాంటప్పుడు ఎదుటి కంపెనీ "మీ తప్పు కూడా 20 శాతం ఉంది" అంటుంది. అంటే 5,000 బిల్లుకు 4,000 ఇస్తుంది. టెక్సాస్‌లో మీ తప్పు 50 శాతం దాటిందంటే మీకు ఒక్క డాలర్ రాదు. మీ కొలిజన్ కవరేజ్‌కి తప్పు ఎవరిదైనా పట్టింపు లేదు. డిడక్టిబుల్ పోను రిపేర్ చేయించి, తర్వాత ఆ డబ్బు ఎదుటి కంపెనీ నుంచి రాబట్టుకునే పని మీ కంపెనీదే. దీన్ని సబ్రోగేషన్ అంటారు. చాలాసార్లు ఇది రెండు కంపెనీల మధ్య ఆర్బిట్రేషన్‌లో (మధ్యవర్తి దగ్గర) తేలిపోతుంది, మీరు కోర్టు మెట్లెక్కక్కర్లేదు. గెలిస్తే మీ 500, లేదా 1,000 డాలర్ల డిడక్టిబుల్ కూడా తిరిగొస్తుంది. నెలలు పట్టవచ్చు, తప్పు పంచితే ఆ మేరకు కోత పడవచ్చు.

హైవే మీద వరసగా నాలుగైదు కార్లు గుద్దుకున్నప్పుడు కూడా ఇదే నయం. టెక్సాస్‌లో ఆస్తి నష్టానికి కనీస లయబిలిటీ (తప్పు చేసినవాళ్ల పాలసీ ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చేది) 25,000 డాలర్లు. అది ఒక్కో కారుకు కాదు, ఆ యాక్సిడెంట్ మొత్తానికి. అందులో ఒక కారు కొత్త ఎస్‌యూవీ అయితే మిగిలినవాళ్లకు ఏం దక్కుతుందో మీరే ఊహించండి.

ఇంట్లో ఒక్కటే కారు ఉండి, పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపి ఆఫీసుకు పోవాల్సినవాళ్లకు కూడా ఇదే దారి. మీ పాలసీలో రెంటల్ కవరేజ్ ఉందో లేదో మాత్రం ఇప్పుడే చూసుకోండి. కొలిజన్ ఉంటే అద్దె కారు దానితోపాటే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు, విడిగా తీసుకోవాలి.

సొంత కంపెనీకి వెళ్తే ప్రీమియం పెరుగుతుందన్న భయం అందరికీ ఉంటుంది. క్లెయిమ్ రికార్డు ఏడేళ్ల వరకు ఇన్సూరెన్స్ కంపెనీలు చూసే రిపోర్టులో కనిపిస్తుంది, నిజమే. తప్పు మీది కాదన్న విషయం కూడా అందులో సరిగ్గా నమోదయ్యేలా అడ్జస్టర్‌తో ఈమెయిల్‌లో రాయించుకోండి. ఆ భయంతోనే నెలన్నర కారు లేకుండా బాధపడినవాళ్లను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండు దారులూ కలపొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. రిపేర్ మీ కొలిజన్ కింద చేయించుకుని, అద్దె కారు ఖర్చు, విలువ తగ్గుదల ఎదుటి కంపెనీని విడిగా అడగొచ్చు. అలాగే ముందు ఎదుటి కంపెనీ దగ్గర మొదలుపెట్టి, పది రోజుల్లో తప్పు ఒప్పుకోకపోతే మన కంపెనీకి మారిపోవచ్చు. అందుకే యాక్సిడెంట్ అయిన రోజే మన కంపెనీకి కూడా విషయం చెప్పి ఉంచాలి. చాలా పాలసీల్లో వెంటనే తెలియజేయాలన్న షరతు కూడా ఉంటుంది.

పాత కారు, లయబిలిటీ మాత్రమే

మన విద్యార్థుల పరిస్థితి ఇది. ఐదారు వేలకు పాత కరోలాయో సివిక్కో కొంటారు, ప్రీమియం తగ్గాలని లయబిలిటీ ఒక్కటే తీసుకుంటారు. కొలిజన్ లేదు కాబట్టి ఎదుటి కంపెనీ తప్ప దారి లేదనుకుంటారు. ఎదుటివాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, గుద్ది పారిపోయినా చేతులెత్తేస్తారు.

టెక్సాస్‌లో ప్రతి ఆటో పాలసీతోనూ అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్ (ఇన్సూరెన్స్ లేనివాళ్లు గుద్దితే మన కంపెనీయే ఇచ్చేది) ఇవ్వాలి, మీరు వద్దని రాతపూర్వకంగా చెబితేనే తీసేయాలి. దాంట్లో ఆస్తి నష్టానికి డిడక్టిబుల్ 250 డాలర్లే. ఎదుటివాడి పాలసీ లాప్స్ అయినా, ఆ పాలసీలో ఎక్స్‌క్లూడెడ్ డ్రైవర్ (పాలసీ వర్తించదని పేరు రాసి పెట్టిన వ్యక్తి) నడిపినందుకు కంపెనీ క్లెయిమ్ కొట్టేసినా ఇది ఆదుకుంటుంది. ఆన్‌లైన్‌లో పాలసీ కొంటూ నెలకు కొన్ని డాలర్లు మిగులుతాయని దీన్ని తీసేయకండి. తీసేసి ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు. ఊళ్లో నాన్నగారు అప్పు చేసి పంపిన డబ్బుతో కొన్న కారు అది.

పాత కారుకు ఓ మోస్తరు దెబ్బ తగిలినా టోటల్ లాస్ అనేస్తారు, రిపేర్ ఖర్చు కారు విలువకు దగ్గరపడుతుంది కాబట్టి. అప్పుడు బేరం రిపేర్ మీద ఉండదు, కారు విలువ మీద ఉంటుంది. నిరుడు ఒకబ్బాయి 2012 కరోలాకు 4,900 ఇస్తామన్నారు. వాల్యుయేషన్ రిపోర్టు పంపమని అడగమన్నాను. అడిగితే పంపారు. అందులో అతని కారును కింది మోడల్ కింద రాశారు. కండిషన్ బాగాలేదని 400 తగ్గించారు. పోలికకు తీసుకున్న కార్లలో ఒకటి మూడు వందల మైళ్ల దూరంలో ఉంది. స్టికర్ ఫొటో చూపించి మోడల్ సరిచేయించాడు, కొత్త టైర్ల రసీదు, సర్వీసు రసీదులు పంపాడు. డెంటన్, ప్లేనో చుట్టుపక్కల అమ్మకానికి ఉన్న అదే మోడల్ కార్లు నాలుగు, మైళ్లతో సహా స్క్రీన్‌షాట్లు తీసి పంపాడు. 6,150కి ఒప్పుకున్నారు. దాని పైన సేల్స్ ట్యాక్స్, టైటిల్ ఫీజు కూడా అడగాలి. టెక్సాస్‌లో కారు మీద సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, ఆరువేల కారుకు అది చిన్న మొత్తం కాదు. కారు పూర్తిగా పోయినప్పుడు కూడా, ఇంకోటి కొనుక్కునేందుకు పట్టే న్యాయమైన రోజులకు లాస్ ఆఫ్ యూజ్ ఇవ్వాల్సిందేనని 2016లో టెక్సాస్ సుప్రీంకోర్టు చెప్పింది. "టోటల్ లాస్ కదా, అద్దె కారు ఇవాళ్టితో ఆపేస్తాం" అని ఫోన్ వస్తే ఈ మాట గుర్తుచేయండి.

"పోలీసులు వద్దు తమ్ముడూ, క్యాష్ ఇచ్చేస్తా"

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో ఇండియన్ స్టోర్ ముందో గుద్దింది మన తెలుగువాడే అయితే ఈ మాట వినిపిస్తుంది. మన ఊళ్లో రోడ్డు మీద దిగి నలుగురి మధ్య మాట్లాడుకుని తేల్చుకునే అలవాటు మనది. గీత మాత్రమే పడి, మూడు నాలుగు వందల్లో అయిపోయే పని అయితే అది తప్పేమీ కాదు. అయినా లైసెన్స్, ఇన్సూరెన్స్ కార్డు ఫొటోలు తీసుకోండి. ఎంత, ఎప్పుడు ఇస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి. బంపర్ కదిలినా, సెన్సర్ లైటు వెలిగినా, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నా క్యాష్ మాట వద్దు. "అన్నా, మీ మీద నమ్మకం లేక కాదు, లోపల ఏముందో నాకూ తెలియదు, మీకూ తెలియదు" అని చెబితే అర్థం చేసుకుంటారు. మూడు వారాల తర్వాత అతను ఫోన్ ఎత్తకపోతే మీ దగ్గర రిపోర్టు ఉండదు, సాక్షి ఉండడు.

నష్టం 1,000 డాలర్లు దాటేలా కనిపించే యాక్సిడెంట్‌ని పోలీసులు విచారిస్తే రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టు పేరు సీఆర్-3. టెక్సాస్ రవాణా శాఖ సైట్‌లో 6 డాలర్లకు దొరుకుతుంది. తప్పు ఎవరిదన్న వివాదంలో దీని విలువ చాలా ఎక్కువ. హైవే మీద జరిగితే, కార్లు కదిలే స్థితిలో ఉంటే ముందు పక్కకి తీయాలి, అది చట్టమే. తీసే ముందు నాలుగు ఫొటోలు చాలు, ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు.

ఎంతకీ తేలకపోతే

టెక్సాస్ ఇన్సూరెన్స్ శాఖకు ఎదుటి కంపెనీ మీద కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. కంపెనీ జవాబివ్వాల్సి ఉంటుంది కాబట్టి కదలని ఫైళ్లు కదులుతాయి. అయితే తప్పు ఎవరిదో, ఎంత ఇవ్వాలో ఆ శాఖ తేల్చదు.

అది తేల్చేది జస్టిస్ కోర్టు, అంటే చిన్న మొత్తాల కేసులు చూసే స్థానిక కోర్టు. 20,000 డాలర్ల వరకు లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు. ఖర్చు కూడా మామూలుగా రెండు వందల లోపే. ముందు డ్రైవర్‌కి, కంపెనీకి డిమాండ్ లెటర్ పంపండి: ఎంత రావాలి, దేనికి ఎంత, ఏ తేదీలోగా, లేకపోతే ఏ కోర్టులో వేస్తారు. బిల్లులు, ఫొటోలు జతచేయండి. చాలా గొడవలు ఇక్కడే తెగుతాయి, ఎందుకంటే కేసు పడితే తన కస్టమర్ తరఫున లాయర్‌ని పెట్టాల్సింది ఆ కంపెనీయే. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నాం, కోర్టుకు వెళ్తే వీసాకి ఏమైనా అవుతుందా అని పిల్లలు భయపడతారు. మీకు జరిగిన నష్టం అడగడానికి వేసే సివిల్ కేసు అది. దానికి వీసా అడ్డు కాదు.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. అడ్జస్టర్‌తో ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు ఆగదు.

ఇదంతా టెక్సాస్ సంగతి. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఈ లెక్కలు అలాగే వాడుకోవద్దు. వర్జీనియా, మేరీల్యాండ్, నార్త్ కరోలినా, అలబామాల్లో మీ తప్పు కొంచెం ఉన్నా ఎదుటివాళ్ల నుంచి ఏమీ రాకుండా పోయే ప్రమాదం ఉంది, కాబట్టి అక్కడ కొలిజన్ లేకుండా తిరగడం నాకైతే భయం. మిషిగన్‌లో ఎవరి కారు నష్టం వాళ్ల ఇన్సూరెన్సే చూసుకోవాలి, ఎదుటి డ్రైవర్ నుంచి రాబట్టగలిగేది 3,000 డాలర్ల వరకే. కాలిఫోర్నియాలో ఆస్తి నష్టానికి కనీస లయబిలిటీ చాలాకాలం 5,000 డాలర్లే ఉండేది, 2025 నుంచి 15,000 చేశారు. ఇప్పటి కార్ల ధరలకు అదీ చాలదు.

సంతకం పెట్టే ముందు

నా క్లెయిమ్ చివర్లో వచ్చిన కాగితం ఒకటిన్నర పేజీ. అందులో ఈ యాక్సిడెంట్‌కి సంబంధించిన అన్ని క్లెయిములనూ వదులుకుంటున్నానని రాసి ఉంది. అన్నిటినీ అంటే మెడ నొప్పిని కూడా. అప్పటికి నాకు కుడి భుజం దగ్గర పట్టేసినట్టు ఉంటోంది, డాక్టర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. ఈ సెటిల్‌మెంట్ కారు నష్టానికి మాత్రమేనని మార్చి పంపమని ఈమెయిల్ పెట్టాను. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు మార్చిన కాగితం వచ్చింది. చెక్కు వెనక, చెక్కుతో వచ్చిన ఉత్తరంలో కూడా "పూర్తి, తుది పరిష్కారం" లాంటి మాట ఏదైనా ఉందేమో చూసి, లేదని నిర్ధారించుకున్నాకే బ్యాంకులో వేశాను.